తిరువొత్తియూరును దక్షిణానికి జరిపారు

మా కాలేజీలో నన్ను ఆటల మేడమ్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా తెనాలి ఆడపిల్లలకు ఖోఖో, కబడ్డీ, త్రోబాల్ నేర్పుతున్నాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా ఒక్కటే, దాన్ని స్టోర్ రూములో పెట్టి మర్చిపోతే ఎలుకలు కొరుకుతాయని. అలాంటిదాన్ని పట్టుకుని, ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి రమ్మని మా పెద్దమ్మ కొడుకు ప్రభుదాసు చెన్నై నుంచి ఫోన్ చేశాడు. వీడికి నాతో ఏదో పని పడిందని అప్పుడే అనుమానించాల్సింది. నేను అనుమానించకుండా సెలవు పెట్టి, గోంగూర పచ్చడి సీసా సర్దుకుని రైలెక్కాను.

ప్రభుదాసు నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న నెల్లూరు వైపు నుంచి ఫ్యాక్టరీ పనికని వెళ్ళి తిరువొత్తియూరులో ఉండిపోయాడు. వీడు అక్కడే పుట్టి, అక్కడే సముద్రం పక్కనున్న ఒక కాలేజీలో చదివి, ఆ కాలేజీకే ఫుట్‌బాల్ కోచ్ అయ్యాడు. ముప్పైమంది కుర్రాళ్ళను ఒక్క కేకతో నిలబెట్టగలడని అక్కడ పేరు. ఆ కేకలవాడు నాలుగు రోజుల పాటు ఒక్క వాక్యం నోట్లోంచి బయటికి రాక ఎంత అవస్థపడ్డాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రైల్లో గూడూరు దాటాక పచ్చడి సీసా మూత వదులై, నూనె బ్యాగులోంచి కారి, పక్కసీటాయన తెల్ల పంచె అంచును తాకింది. నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. ఆయన అంచు ఎత్తి వాసన చూసి, "గోంగూరనా?" అని అడిగి, తన టిఫిన్ డబ్బాలోని ఇడ్లీలకు రెండు చెంచాలు వేయించుకున్నాడు. ఇలాంటి వాళ్ళు ఉన్నంత కాలం రైళ్ళలో పచ్చళ్ళు మోయొచ్చు.

జార్జి టౌన్, చింతపండు

ఇంటికి తీసుకెళ్ళకుండా స్టేషన్ నుంచి నేరుగా జార్జి టౌన్‌కు తీసుకెళ్ళాడు ప్రభుదాసు. "చిన్న పని క్కా, పది నిమిషాలు దా" అన్నాడు. ఆ 'దా' వాళ్ళకు ప్రతి మాటకూ తోక. పది నిమిషాలు అంటే గంటన్నర అని ఏ ఊళ్ళోనైనా ఒకటే లెక్క కాబట్టి వెంట నడిచాను.

ఆ సందుల్లో నడవాలంటే ముందు చూపు కంటే వెనక చెవి ముఖ్యం. వెనక నుంచి "వళి, వళి" అని కేక వస్తుంది, అంటే దారివ్వమని. తలతిప్పే లోపల బస్తాలు పేర్చిన తోపుడు బండి మన మోచేతిని రాసుకుంటూ పోతుంది. మా తెనాలి మార్కెట్లో బండివాడు మనల్ని తిట్టి పోతాడు. ఇక్కడ తిట్టడానికి కూడా ఆగడు. ఒకసారి ఏకంగా సిటీ బస్సే సందులోకి వచ్చేసింది. నేను ఒక మిరపకాయల కొట్టు మెట్టెక్కి నిలబడి పది తుమ్ములు తుమ్మాను. కొట్టాయన నాకు నీళ్ళిచ్చి, ఏ ఊరని అడిగి, తెనాలి అనగానే తన తెలుగు బయటికి తీశాడు. వాళ్ళ ముత్తాతల కాలం నుంచీ అక్కడే వ్యాపారమట. "మేము తెలుగోళ్ళమే గానీ, మా పిలకాయలు అరవంలోనే కొట్లాడుకుంటారు" అన్నాడు నవ్వుతూ.

ఆ పక్క కొట్లో ప్రభుదాసు చింతపండు కొంటున్నాడు. కిలో నూట డెబ్బై. మా ఊళ్ళో కంటే ఇరవై తక్కువే, అయినా నేను అలవాటు కొద్దీ బేరమాడాను. కొట్టువాడు నా మాటే వినపడనట్టు నాలుగు కిలోలు తూచాడు.

"నాలుగు కిలోలా? జయ ఊరగాయల వ్యాపారం పెట్టిందా?" అన్నాను. జయ వాడి భార్య.

"జయకి కాదుక్కా. ఆదివారం మ్యాచ్‌కి. మేము ఓడితే చేపల పులుసు పెట్టాల."

అప్పుడు విన్నాను ఆ ఆనవాయితీ సంగతి. వీళ్ళ కాలేజీకీ, మాధవరం పాలకాలనీ దగ్గరున్న కాలేజీకీ ఏడాదికొకసారి పెద్ద మ్యాచ్. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు భోజనం పెట్టాలి, స్వయంగా వడ్డించాలి, వాళ్ళు తిని లేచాకే తాము తినాలి. సముద్రంవాళ్ళు ఓడితే చేపల పులుసు, అన్నం. పాలకాలనీవాళ్ళు ఓడితే పెరుగన్నం, పాలకోవా, సేమ్యా పాయసం. మరి మ్యాచ్ సమానమైతే? రెండూ కలిపి తినడానికి లేదు. చేపలు తిని పాలు తాగితే ఒంటిమీద తెల్లమచ్చలు వస్తాయని మనకు తెలియనిది కాదు కదా. అందుకని సమానమైతే, రిఫరీ ఇంటికి వెళ్ళిపోయాక కూడా, తిండి ఎవరిదో తేలేదాకా గోల్ ముందు బంతి పెట్టి వంతులవారీగా తన్నుకుంటారు.

"ఓడిపోతామని మూడురోజుల ముందే చింతపండు కొనే కోచ్‌ను నిన్నే చూశాను" అన్నాను.

"గెలిస్తే ఇంట్లోకి పనికొస్తాది లేక్కా" అన్నాడు. కానీ నవ్వలేదు.

సందు చివర కాఫీ తాగుతూ అసలు విషయం కక్కాడు. ఇత్తడి గ్లాసులో కాఫీ ఇరవై రూపాయలు, నురగే పావు వంతు. వాడు ఆ నురగలోకి చూస్తూ మాట్లాడాడు.

"ఇది దా ఆఖరి మ్యాచ్, అక్కా. మా కాలేజీ లీగు మారతా ఉండాది. సోమవారం ఓటల్లో మీటింగ్ పెట్టి పేపరోళ్ళకి చెప్తారు. ఆ లోపల మాధవరం కోచ్ గోవిందరాజులన్నకి నేను చెప్పాల. చెప్పేదానికి నా వల్ల కావట్లా."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"నువ్వు చెప్తే అన్న కోపపడడు."

నాలుగు కిలోల చింతపండు నా చేతిలో పెట్టి అడిగిన సహాయం అది.

తిరువొత్తియూరు, మ్యాపు

లోకల్ రైలు దిగగానే ముందు ఫ్యాక్టరీ వాసన, దాని వెనకే ఎండుచేపల వాసన వస్తాయి. రెండురోజులకు రెండూ అలవాటైపోయి, తెనాలి తిరిగొచ్చాక మా వీధికి వాసనే లేదనిపించింది. జయ కడుపునిండా పెట్టింది. సాయంత్రం గ్రౌండుకు వెళ్ళాం. ఒక పక్క రైలు పట్టాలు, ఒక పక్క దూరంగా పొగగొట్టాలు, గోల్ స్తంభాల వెనక సముద్రం. నేల సగం మట్టి, సగం ఇసుక. మా ఖోఖో పిల్లలైతే ఆ ఇసుకలో రెండు నిమిషాల్లో కూలబడతారు. వీళ్ళు గంటన్నర పరుగెత్తి, ఆ తర్వాత సముద్రంలో ఈతకు పోతారు.

కెప్టెన్ యేసురాజు తన ఫోన్లో కొత్త లీగు వీడియో చూపించాడు. పాత లీగులో ఉత్తర చెన్నై కాలేజీలు ఎనిమిది. ఎక్కడికైనా షేర్ ఆటోలోనో సిటీ బస్సులోనో పోయి ఆడి, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. కొత్త లీగుకు డబ్బు పెడుతున్నది ఒక పైపుల కంపెనీ. మ్యాచులు ఫోన్లలో చూపిస్తారు. తెరమీద మ్యాపు తిరిగి, రంగులు మారి, కాలేజీలు నాలుగు దిక్కులుగా విడిపోయాయి. తిరువొత్తియూరు దక్షిణంలో పడింది. కొచ్చి, మదురై, కోయంబత్తూరు దాని జతగాళ్ళు.

"ఇది ఉత్తరం కదరా. ఇంకో నాలుగు అడుగులు వేస్తే నెల్లూరు" అన్నాను.

"ఉత్తరంలో సీట్లు అయిపోయినాయి మేడమ్" అన్నాడు యేసురాజు. "దక్షిణంలో చూసేవాళ్ళు తక్కువ ఉండారంట. మమ్మల్ని ఆడ పెట్టినారు."

నలభై తొమ్మిదేళ్ళు ఒకే చోట ఉన్న మా తమ్ముణ్ణి పైపుల కంపెనీ ఒక్క వీడియోతో దక్షిణానికి జరిపేసింది. పాలకాలనీ కాలేజీని ఎందుకు తీసుకోలేదని అడిగితే ప్రభుదాసు చెప్పాడు, వాళ్ళ గ్రౌండు వెనక డెయిరీ గోడ ఉందట, ఫోన్లో గోడ బాగా కనపడదట. ఇక్కడ సముద్రం కనపడుతుంది. పొగగొట్టాలు పడకుండా కెమెరా కాస్త ఇటు తిప్పుకుంటారట.

ఇదంతా విని నాకు పైపులవాళ్ళ మీద కోపం వచ్చిన మాట నిజం. అయితే యేసురాజు కాళ్ళు చూశాను. బూటు ముందు భాగం విడిపోతే సన్నటి వలతాడుతో కుట్టుకున్నాడు. వాళ్ళ నాన్న పడవ పనికి పోతాడు. కొత్త లీగులో బూట్లు, నెలనెలా స్టైపెండు, గాయమైతే ఆస్పత్రి ఖర్చు. "మా అమ్మకి చెప్తే నమ్మలా, మేడమ్. ఆడేదానికి దుడ్డిస్తారా అని సిరిస్తా ఉండాది" అన్నాడు. వాళ్ళమ్మ నవ్వును తలచుకుని వాడూ నవ్వాడు. ఆ బూట్లు చూశాక ఏ నోటితో వద్దంటాం?

చిక్కల్లా ఒకే షరతు దగ్గర. ఆ లీగులో చేరినవాళ్ళు బయట ఇంకే మ్యాచూ ఆడకూడదు. అంటే మాధవరంతో పెద్ద మ్యాచ్ ఇక లేదు. ఆ మ్యాచ్ లేకపోతే పాలకాలనీ కాలేజీవాళ్ళకు టీమే అక్కర్లేదు, టీమ్ లేకపోతే గోవిందరాజులుగారితో పని లేదు. ప్రభుదాసుకు పద్దెనిమిదేళ్ళ వయసులో మొదటి బూట్లు కొనిచ్చింది ఆయనేనని ఆ సాయంత్రం జయ చెప్పింది. అప్పట్లో ఆయన వీళ్ళతో ఆడే డెయిరీ టీమ్ కెప్టెన్ అట. బూట్లు లేని పిల్లవాడి మీద గెలవడం ఇష్టంలేక కొనిచ్చాడట.

మాధవరం, పాలు

శనివారం పొద్దున రెండు బస్సులు మారి మాధవరం వెళ్ళాం. నేను పక్కన ఉంటే తనే చెబుతానని ఒప్పుకుని, దారంతా ప్రభుదాసు పాఠం వల్లెవేశాడు. "అన్నా, ఒక విషయం. కోపపడవద్దు. మా మేనేజ్‌మెంట్..." అంటూ మొదలుపెట్టి, ప్రతి స్టాపు దగ్గరా ఆగి మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. ముందు సీటులోని పెద్దావిడ వెనక్కి తిరిగి, "పెళ్ళి సంబంధం వద్దని చెప్పేదానికి పోతా ఉండారా?" అని నన్ను గుసగుసగా అడిగింది. దాదాపు అంతేనమ్మా అన్నాను. చివరి స్టాపులో దిగేటప్పుడు ఆవిడ వాడి భుజం తట్టి ధైర్యం చెప్పింది కూడా.

గోవిందరాజులుగారికి అరవై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, నుదుట నామం, కాళ్ళకు హవాయి చెప్పులు. తాతల కాలం నుంచి తమిళనాడులో ఉన్న కుటుంబం. డెయిరీలో రిటైరై, ఆ కాలేజీకి కాంట్రాక్టు మీద కోచ్‌గా ఉన్నారు. శనివారం ఆయనకు ఒంటిపూట భోజనం, నీచు ముట్టరు. ప్రభుదాసువాళ్ళకు ఆదివారం పొద్దున చర్చి. అందుకే ఆ మ్యాచ్ ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నమే జరుగుతుందట. ఇద్దరి దేవుళ్ళకూ ఇబ్బంది లేని వేళ అదొక్కటే.

"రామ్మా రా. దాసు అక్కవంటే మాకూ అక్కవే. నువ్వు దా చిన్నదానివి, అయినా అక్కవే" అంటూ మంచం మీద దుప్పటి దులిపారు. అడగకుండానే లోటా నిండా వేడిపాలు వచ్చాయి. మా ఊళ్ళో చుట్టాలొస్తే కాఫీయా టీయా అని అడుగుతారు. పాలకాలనీలో ఆ ప్రశ్న లేదు.

ప్రభుదాసు గొంతు సవరించుకున్నాడు. "అన్నా, ఒక విషయం."

"నేనూ ఒక విషయం చెప్పాల, ముందు విను" అన్నారాయన. కొత్తగా చేరిన ఇద్దరు పిల్లల గురించి మొదలుపెట్టారు. ఒకడు ఎడమకాలితో తంతే బంతి వంకర తిరుగుతుందట. ఇంకా రెండేళ్ళు చేతిలో ఉంటే వాడు ఎక్కడికో పోతాడట. "మా ప్రిన్సిపాలుకి ఆటంటే ఏమో తెలీదు. తిరువొత్తియూరు మ్యాచ్ ఉన్నంత వరకు టీమ్ పెట్టుకోవయ్యా, అది చూసేదానికి దా జనం వస్తారు అన్నాడు. అది చాలు నాకు. వచ్చే ఏడు చూడు దాసూ, మీకు మూడు గోల్స్ వేస్తాం."

ప్రభుదాసు తన పాలు ముట్టకుండానే లోటా పక్కన పెట్టేశాడు. వాడు నా వైపు చూశాడు. నేను పాల లోటా కింద పెట్టి, "గోవిందరాజులుగారూ, మావాడు మీకొక మాట చెప్పాలని వచ్చాడండీ" అన్నాను. ఇక వాడు తప్పించుకోలేడనుకున్నాను.

"ఏం దాసూ?"

"అదే అన్నా," అన్నాడు ప్రభుదాసు, "పోయినసారి పాలకోవాలో చక్కెర రొంబ ఎక్కువైంది. ఈసారి తగ్గించమని."

గోవిందరాజులుగారు వాడి ముఖంలోకి కాసేపు చూశారు. తర్వాత నా ముఖంలోకి చూశారు. నాకు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఖాళీ లోటా ఎత్తి మళ్ళీ తాగాను. "సరే, తగ్గిస్తాం" అన్నారాయన.

తిరుగు బస్సులో నేను వాణ్ణి తిట్టని తిట్టు లేదు. చక్కెర తగ్గించమని చెప్పడానికి తెనాలి నుంచి మనిషిని పిలిపించినవాడు చరిత్రలో ఇంకొకడు ఉండడన్నాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ వల్ల కూడా కాలా కదక్కా" అన్నాడు. అది నిజమే కాబట్టి తిట్లు ఆపాను.

దీనికి శిక్ష మాత్రం నాకే పడింది. రాగానే జయ పళ్ళెం పెట్టి, వంజరం చేప వేపుడు తెస్తూ తెస్తూ ఆగి, "వదినా, గోవిందరాజులన్న ఇంట్లో పాలు తాగినావా?" అంది. తాగానన్నాను. వేపుడు అట్నుంచి అటే వెనక్కి వెళ్ళిపోయింది. పొద్దుటి పాలు ఈపాటికి అరిగిపోయాయని వాదించాను, డాక్టర్లు అదేమీ లేదంటున్నారని చెప్పాను. "డాక్టర్లు వాళ్ళ ఒంటికి చూసుకుంటారు. నీ ఒంటికి ఏమైనా అయితే అత్తకి నేను జవాబు చెప్పాల" అంది. పాలు ముట్టని ప్రభుదాసూ, జయా నా ఎదుట కూర్చుని చేపలు తిన్నారు. నేను రసం అన్నం తిన్నాను.

గ్రౌండు, ఆదివారం

మధ్యాహ్నం గ్రౌండు చుట్టూ నేను ఊహించనంత జనం చేరారు. చర్చి నుంచి నేరుగా వచ్చిన తెల్లచీరల వాళ్ళు, వలలు బాగుచేసే పని ఆపి వచ్చినవాళ్ళు, మాధవరం నుంచి మినీ లారీలో దిగినవాళ్ళు. ఒక పక్క జయా ఇంకో నలుగురు ఆడవాళ్ళు పొయ్యి రాజేసి, పులుసుకు అన్నీ సిద్ధం చేసి, చేపలు మాత్రం ఐసులోనే ఉంచారు. ఇంకో పక్క పాల క్యాన్లు, మూత పెట్టిన కోవా గిన్నెలు. రెండు వంటల మధ్య గ్రౌండంత దూరం. పైపుల కంపెనీ నుంచి కోటు వేసుకున్న ఒకాయన కెమెరాతో వచ్చి, ఆ ఎండలో కోటు విప్పకుండా నిలబడ్డాడు.

ఆట గురించి నేను పెద్దగా చెప్పలేను. ఆ ఎడమకాలి కుర్రాడు తన్నిన బంతి నిజంగానే వంకర తిరిగింది, గోల్ అయింది. ఆఖర్లో యేసురాజు తలతో ఒకటి కొట్టాడు. ఒకటికి ఒకటి. రిఫరీ ఈల వేసి, చేతులు దులుపుకుని, మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఒక్కరు కూడా కదల్లేదు. ఇప్పుడు తిండి తేలాలి.

జట్టుకు ఐదుగురు. ముందు మాధవరం పిల్లవాడు తన్నాడు, బంతి స్తంభం పక్కనుంచి ఇసుకలోకి పోయింది. జనం అయ్యో అన్నారు. తిరువొత్తియూరు పిల్లవాడు ఆకాశంలోకి తన్నాడు. మూడోవాడు బంతి దగ్గర కాలు జారి పడ్డాడు. నాలుగోవాడు గోల్‌కీపర్ చేతుల్లోకి, చంటిబిడ్డను అందించినట్టు మెల్లగా నెట్టాడు. ఎడమకాలి కుర్రాడు కుడికాలితో తన్నాడు. ఫుట్‌బాల్ రాని నాకు కూడా అప్పుడు అనుమానం వచ్చింది.

"ఏం జయా, వీళ్ళకు ఎండదెబ్బ తగిలిందా?"

జయ గరిటె పట్టుకుని గ్రౌండు వైపే చూస్తోంది. "తేలకపోతే తిండి నిలిచిపోతాది వదినా. అప్పుడు మళ్ళా కలిసి తన్నుకోవాల. ముందొకసారి వానొచ్చి తేలలేదు, వారం తర్వాత మళ్ళీ వచ్చినారు" అంది.

అప్పుడర్థమైంది. కోచులు ఒకరికొకరు చెప్పుకోలేని సంగతిని పిల్లలు ఫోన్లలో ఎప్పుడో చెప్పుకున్నారు. ఇరవై ఇద్దరూ కలిసి, తిండి తేలకుండా చేసి, మ్యాచ్ పేరు లేకుండానే వచ్చే ఏడు మళ్ళీ కలవాలని మాట్లాడుకున్నారు. కోటాయన వచ్చి, ఇది కూడా మ్యాచ్ కిందికే వస్తుందా అని ఇంగ్లీషులో అడిగితే యేసురాజు, "నో సార్, లంచ్" అన్నాడు. పదిమందీ తన్నడం అయిపోయింది. ఒక్క గోలూ లేదు. జనం నవ్వుతున్నారు, ఈలలు వేస్తున్నారు. నాకూ కడుపు నిండినట్టయింది. షరతులు రాసినవాళ్ళకు తట్టని దారి ఈ కుర్రాళ్ళకు తట్టిందని చప్పట్లు కొట్టాను.

అప్పుడు గోవిందరాజులుగారు చెప్పులు విడిచి గ్రౌండులోకి నడిచారు. బంతిని చేత్తో తీసుకుని గోల్ ముందు పెట్టారు.

"పిలకాయలు తేల్చకపోతే మనం తేల్చాల. దాసూ, గోల్‌లో నిలబడు. ఒక్క తన్ను. పడితే మేము గెలిచినట్టు, పడకపోతే మీరు."

"వద్దన్నా" అన్నాడు ప్రభుదాసు.

"నిలబడు దా."

వాడు వెళ్ళి రెండు స్తంభాల మధ్య నిలబడ్డాడు. చేతులు చాచలేదు. ఈలలు ఆగిపోయాయి. గోవిందరాజులుగారు నాలుగు అడుగులు వెనక్కి వేసి ఆగారు.

"నిన్నటి నుంచి ఏదో చెప్పాలని తిరగతా ఉండావు కదా. అది చెప్పు ముందు. తర్వాత తంతా."

అందరూ వింటున్నారు, కోటాయనతో సహా. ప్రభుదాసు ఇసుకలోకి చూస్తూ అన్నాడు. "మేము పోతా ఉండామన్నా. లీగు విడిచిపెట్టి పోతా ఉండాం. ఇంక మ్యాచ్ లేదు."

"ఊఁ" అన్నారాయన. అని, పరుగెత్తి తన్నారు.

బంతి ప్రభుదాసు కుడిచేతి పక్క నుంచి వలలోకి పోయింది. వాడు ఆపలేకపోయాడో, ఆపలేదో, ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళే చెప్పాలి. యేసురాజు నేలమీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆ ఎడమకాలి కుర్రాడు వాళ్ళ కోచ్ మీదికే అరిచాడు. గెలిచిన టీమ్ ఏడవడం నేను అదే చూడటం.

జయ చేపలు ఐసులోంచి తీసి పులుసులో వేసింది.

పంక్తి

గంట తర్వాత మాధవరంవాళ్ళు గ్రౌండు అంచున అరిటాకుల ముందు కూర్చున్నారు. తిరువొత్తియూరువాళ్ళు వడ్డించారు. యేసురాజు అన్నం, ప్రభుదాసు పులుసు. నేను ఊరుకోలేక గోవిందరాజులుగారి పక్కకు వెళ్ళి కూర్చున్నాను. "పిల్లలు అంత కష్టపడి దారి చేస్తే మీరెందుకండీ చెడగొట్టారు?" అన్నాను. నా గొంతులో కోపం ఉంది.

లీగు షరతుల సంగతంతా ఆయనకు పిల్లలే చెప్పారట. ఆయన ముద్ద కలుపుతూ అన్నారు. "పోయేవాళ్ళు నిండుగా పోవాల, అమ్మా. ఈ తిండి ఒకటి ఈడ నిలిపిపెడితే, ఏటేటా ఆ పిలకాయలు పైపులోడికి దొంగగా ఈడికి రావాల. పట్టుకుంటే బూట్లు పోతాయి, దుడ్డు పోతాది. నా కోసరం వాళ్ళకి అది ఎందుకు?"

"మరి మీ సంగతి?"

"ఈ నెలాఖరు దాకా ఉండాది పని" అన్నారు. "ఆ ఎడమకాలోణ్ణి దాసు తీసుకుంటే బాగుండు. మీ పైపులోళ్ళకి గోడ దా వద్దు, పిలకాయ వద్దని చెప్పలేదు కదా. నువ్వు ఒక మాట చెప్పమ్మా. చక్కెర గురించి కాదు."

చెప్పాను. ఈసారి నా వల్ల అయింది. ప్రభుదాసు పులుసు గిన్నె పట్టుకునే ఉండి, కోటాయన దగ్గరకు వెళ్ళి, లీగు కాగితాల మీద కోచ్‌గా తన సంతకం కావాలంటే ఆ ఎడమకాలి కుర్రాడికి కూడా తన టీములో సీటు కావాలన్నాడు. నాలుగు రోజుల్లో వాడి కేక నేను మొదటిసారి విన్నది అప్పుడే. కోటాయన సోమవారం చూద్దామన్నాడు. "సోమవారం కాదు, ఇప్పుడు చెప్పు" అన్నాడు ప్రభుదాసు. కోటాయన చెమట తుడుచుకుని, ఎవరికో ఫోన్ చేసి, సరేనన్నాడు.

గెలిచినవాళ్ళు తిని లేచారు. మినీ లారీ హారన్ కొట్టింది. అప్పుడు ఓడినవాళ్ళు కూర్చున్నారు. ఓడినవాళ్ళకు ఎవరూ వడ్డించరు, ఎవరిది వాళ్ళే వేసుకోవాలి, అదీ ఆనవాయితీయే. గోవిందరాజులుగారు లారీ ఎక్కకుండా వెనక్కి వచ్చి, జయ చేతిలోంచి గరిటె తీసుకున్నారు. వరసగా యేసురాజుకు, వాడి పక్కవాడికి, ఆ పక్కవాడికి వేసుకుంటూ వచ్చారు. ఎవరూ తల ఎత్తలేదు. ప్రభుదాసు దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగున ఉన్న తలకాయ ముక్క వెతికి తీసి వాడి ఆకులో పెట్టారు.

"అన్నా, నన్ను..." అన్నాడు ప్రభుదాసు. వాడి కళ్ళ నీళ్ళు ఆకులో పడుతున్నాయి.

"ఉప్పు సరిపోయిందా లేదా, అది చెప్పు" అన్నారు గోవిందరాజులుగారు, గరిటె పట్టుకుని నిలబడే.

"సరిపోయిందన్నా" అన్నాడు వాడు, ఇంకా ముద్ద నోట్లో పెట్టుకోకుండానే.